పిడికెడు బియ్యానికో వాక్యం

ఈ ఏడాది, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల కాలంలో మొదటి ఆదివారం మా చర్చి గుమ్మం దగ్గర కొత్త స్టికర్ ఒకటి అంటించారు. నలుపూ తెలుపూ గళ్ల బొమ్మ. ఫోను దాని ముందు పెడితే చాలు, ఈస్టర్ దాకా మనం ఇవ్వాలనుకున్న కానుక నేరుగా బ్యాంకులో పడిపోతుందట. అందరూ వరసగా నిలబడి ఫోన్లు ఎత్తారు. నాకు చేతకాదనుకుంటారేమోనని నేను మరీ పైకెత్తాను. క్షణంలో పని అయిపోయింది. ఇంటికొచ్చి వంటకు బియ్యం కొలుస్తుంటే మాత్రం నా చెయ్యి తనంతట తానే ఒక పిడికెడు పక్కకు తీసింది. తీసినదాన్ని ఎందులో వెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాను.

మా అమ్మాయి చూసి, "ఏమైంది, పురుగులున్నాయా?" అని అడిగింది.

"పురుగులు లేవే, వాక్యం కావాలి" అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే దాన్ని మా నాంపల్లి ఇంటికి తీసుకెళ్లాలి. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు స్కూటర్లు నిలుపుతున్నారు. అందుకని పొయ్యి తగ్గించి, అక్కడే కూర్చుని చెప్పాను. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది స్టేషను వెనక ఇరుకు గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. పొద్దున కళ్లు తెరవకముందే మూడు భాషల్లో రైళ్ల ప్రకటనలు వినపడేవి. ఏ బండి ఎంత లేటో మా తమ్ముడు పళ్లు తోముకుంటూ గల్లీ అంతటికీ చెప్పేవాడు. సాయంత్రమైతే మూల మీది బేకరీ నుంచి బిస్కెట్ల వాసన, దర్గా వైపు నుంచి ఊదు పొగ, పక్క వాటాలో వేసే పోపు ఘాటు అన్నీ కలిసి ఒకే వాసనగా మా గుమ్మంలోకి వచ్చేవి. ఆ వాసనకు పేరు లేదు. ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది.

నాన్న ఆబిడ్స్‌లో ఒక పెద్ద సూట్ల దుకాణంలో కటింగ్ మాస్టర్. కుట్టేవాళ్లు వేరే ఉండేవారు. కొలతలు తీసి, గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తెర పెట్టడం నాన్న పని. బషీర్‌బాగ్ ఆఫీసర్లయినా, కోర్టు వకీళ్లయినా, పెళ్లికొడుకులయినా ఆయన ముందు చేతులు చాపి నిలబడాల్సిందే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాత పుస్తకాలు చూసుకుంటూ నడిచేవాళ్లం. నాన్నకు పుస్తకాలు పట్టేవి కావు. ముందు పోతున్న మనుషుల వీపులు చూసేవాడు. ఉన్నట్టుండి నా భుజం తట్టి, "గా సఫారీ చూడు. భుజం కాడ ఒక్క ముడత ఉన్నదా? మనదే" అనేవాడు. ఆ మనిషి ఎవరో మాకు తెలియదు. అయినా ఆయన మలుపు తిరిగేదాకా మేమందరం తలెత్తుకుని ఆయన వెనకే నడిచేవాళ్లం.

ఇక ఇంట్లో పెత్తనమంతా మా నాయనమ్మది. ఆమెది మెదక్ వైపు పల్లె. శ్రమల కాలం ఎలా గడవాలో చర్చిలో అయ్యగారు చెప్పేవారు, మా ఇంట్లో ఆమె చెప్పేది. పాస్టరును మేమంతా అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలిచేవాళ్లం. వాళ్లు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు. నాయనమ్మకు ఆయన ప్రసంగాలంటే గౌరవమే కానీ, "మంచిగనే చెప్తడు, జర తొందరగ అయిపోగొడ్తడు" అనేది. ఆయన గంటకు తక్కువ ఎన్నడూ మాట్లాడలేదు.

పిడికెడు బియ్యం మా సంఘాల్లో పాత ఆచారమే. వండేముందు ఒక పిడికెడు తీసి పక్కన వెయ్యడం, పోగైంది చర్చికివ్వడం. మా నాయనమ్మ దానికి తగిలించిన షరతులు మాత్రం ఇంకెక్కడా చూడలేదు. భస్మ బుధవారం నుంచి గుడ్ ఫ్రైడే ముందురోజు దాకా, సాయంత్రం అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోవాలి. ఎవరి పిడికెడు వాళ్లే తీసి రేకు డబ్బాలో వెయ్యాలి. వేసేముందు చూడకుండా ఒక బైబిలు వాక్యం చెప్పాలి. ఒకరు చెప్పింది పండగ దాకా ఇంట్లో మరొకరు చెప్పకూడదు. వాక్యం చెప్పాక నాయనమ్మ, "అయితే ఏంది?" అని అడుగుతుంది. ఆ వాక్యంతో నీకేం పనో చెప్పేదాకా పిడికిలి తెరవడానికి వీల్లేదు.

ఆ "అయితే ఏంది" మా ప్రాణాలు తోడేసేది. వాక్యం వల్లించడం సులువు. దాని గురించి ఆలోచించాల్సి రావడమే కష్టం. చేతిలో బియ్యం చెమటకు తడిసిపోయేవి.

లాజరు సమాధి దగ్గర ఏసు ఏడ్చాడన్న వాక్యం చాలా చిన్నది. దానికోసం ఏటా నాకూ తమ్ముడికీ యుద్ధమే. ఒకసారి తమ్ముడు నుదుటి మీద బూడిద గుర్తుతోనే చర్చి నుంచి పరుగెత్తుకొచ్చి, అమ్మ చాట ముట్టకముందే అది చెప్పేశాడు.

"అయితే ఏంది?" అంది నాయనమ్మ.

"ప్రభువే ఏడ్చిండు గదా. ఇగ నేను ఏడిస్తే మమ్మీ కొట్టద్దు."

నాయనమ్మ కాసేపు ఆలోచించి, వాడి పిడికిలి తెరవమంది. అమ్మ మూతి బిగించుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది.

నాలుగో వారానికల్లా మాకు వచ్చినవన్నీ అయిపోయేవి. అప్పుడు వాడు ఏసు వంశావళిలోకి దిగాడు. ఎవరు ఎవరిని కన్నారో రోజుకొకటి చెప్పుకుంటూ పోతే పండగ దాకా ఢోకా లేదని వాడి ఎత్తు. నాయనమ్మ రెండోరోజే పట్టేసింది. "పేర్లు చదువుడు గాదు. గా పేర్లల్ల ఒక్కరి కథ చెప్పు, ఒప్పుకుంట" అంది. వాడు బైబిలు తిరగేసి, రూతు కథ పట్టుకొచ్చాడు. పరాయి ఊళ్లో, పరాయివాళ్ల చేలో పరిగె ఏరుకున్న కోడలు. అది విన్నాక నాయనమ్మ తానూ చిన్నతనంలో కోసిన చేలల్లో కంకులు ఏరుకుని ఇంటికి తెచ్చేదాన్నని చెప్పింది. మా ఊరి చేనులో బాగా పండేది అని చెప్పినంత మామూలుగా చెప్పింది. అమ్మకు మాత్రం అది నచ్చలేదు. "పిల్లల ముంగట గవన్ని ఎందుకత్తమ్మా" అంది.

ఒక వాక్యాన్ని మాత్రం ప్రతి ఏడూ నాన్నదేనని మేమే వదిలేసేవాళ్లం. ఏసు అంగీకి కుట్టు లేదని, పైనుంచి కింది దాకా ఒకే నేతగా ఉందని, సైనికులు దాన్ని చింపకుండా చీట్లు వేసుకున్నారని ఉంటుంది కదా, అది. "అయితే ఏంది?" అని నాయనమ్మ అడగకముందే నాన్న కళ్లు మెరిసేవి. "మనిషిని కొట్టిన్రు, మేకులు కొట్టిన్రు. గని గా బట్టకు కత్తెర పెట్టబుద్ధి గాలే వాళ్లకు. గంత మంచిగ నేసిండు ఎవడో" అనేవాడు. ఆ నేసినవాడు తన పక్క దుకాణంలో పనిచేసినట్టే చెప్పేవాడు.

పోగైన బియ్యాన్ని చర్చికి తీసుకెళ్లే సంచి మా ఇంటి గొప్ప. దుకాణంలో మిగిలిన సూటు గుడ్డ ముక్కలతో నాన్న కుట్టిందది. ముదురు నీలం, బూడిదరంగు పట్టీలు, లోపల నున్నటి లైనింగు, పైన కోటు జేబుకున్నట్టు మూత. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన ముగిశాక ఇంటికొకరు చొప్పున ముందుకు వెళ్లి బియ్యం గంపలో పోసేవాళ్లు. ఎవరిది దిండు గలీబు, ఎవరిది ప్లాస్టిక్ కవరు. మా అమ్మది కోటు తొడిగిన సంచి. మా పిడికిళ్లతో అందులో సగమే నిండేది. మిగతా సగం ఇంటి బస్తాలోంచి పోసి అమ్మ మెడదాకా నింపేది. ఆమె దాన్ని ఎత్తుకుని నడుస్తుంటే నేను పక్కనే నడిచేదాన్ని, అందరూ చూస్తున్నారో లేదో చూసుకుంటూ.

మరునాడు శనివారం ఆ బియ్యం పండగ పూట అన్నం లేని ఇళ్లకు పోయేది. అమ్మగారూ, అమ్మా ఇద్దరే వెళ్లేవారు, కొంగు చాటున పెట్టుకుని. గుమ్మంలో ఇచ్చి వెనక్కి తిరిగేవారు. "ఏ ఇంటికి పోయిన్రు మమ్మీ?" అని ఎంత గుచ్చి అడిగినా, "బియ్యం లేని ఇంటికి" అని తప్ప ఆమె నోట ఒక్క పేరు వచ్చేది కాదు. "మనం ఇచ్చెటోల్లం. ఇచ్చెటోల్లు నోరు మూసుకోవాలె" అనేది. ఆ మాట నాకు చాలా నచ్చేది. మనం ఇచ్చేవాళ్లం. బళ్లో పక్క బెంచీ పిల్లకు పెన్సిలు ముక్క ఇచ్చినా అదే అనుకునేదాన్ని.

ఒక ఏడాది శ్రమల కాలం రాకముందే నాన్న దుకాణం మూతపడింది. రెడీమేడ్లు వచ్చాయి. యజమాని సూట్లు కుట్టించడం మానేసి, ముందంతా అద్దాలు పెట్టి, లోపల ప్లాస్టిక్ బొమ్మలకు కోట్లు తొడిగాడు. ఒక ఆదివారం నాన్న ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "భుజం ఎట్ల దించిన్రో చూసినవా" అన్నాడు, అంతే. ఆబిడ్స్‌లో మా ఆదివారపు నడక ఆ రోజుతో ఆగిపోయింది.

కత్తెర గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక కుట్టుమిషను కిరాయికి తీసుకుని, సుల్తాన్ బజార్ దుకాణాలకు బడిపిల్లల నిక్కర్లు కట్టలు కట్టలుగా కుట్టాడు. కొలతలు లేవు, ట్రయల్ లేదు, చేతులు చాపి నిలబడే మనిషి లేడు. అన్నీ ఒకే సైజు, ఒకే ఖాకీ. మా ముందుగది ఆ గుడ్డ గంజి వాసనతో నిండిపోయింది. సన్నబియ్యం పోయి రేషను షాపు కంట్రోల్ బియ్యం వచ్చాయి. వాటిలో రాళ్లు ఎక్కువ కావడంతో సాయంత్రాలు చాట చుట్టూ మరింత సేపు కూర్చునేవాళ్లం. నాయనమ్మకు అదీ మంచికే వచ్చింది, ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగేది.

అమ్మ మమ్మల్నిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "డాడీ దుకాణం బంద్ అయిందని బయట ఎవ్వరికి చెప్పద్దు. చర్చిల అసలే చెప్పద్దు. ఎవరన్న అడిగితే మంచిగున్నం అనుండ్రి." ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. అదే నన్ను భయపెట్టింది.

ఒక సాయంత్రం నాన్న మిషను మీది నుంచే, "ఈ ఏడు జర చిన్న పిడికిలి పెడదాం" అన్నాడు మెల్లగా.

అమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. "నా పిడికిలి నా చెయ్యంతనే ఉంటది. చెయ్యి చిన్నగ ఎట్ల జేస్త?"

నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఆయన కుట్టులేని అంగీ వాక్యం చెప్పలేదు. పొలం నుంచి వస్తున్న సీమోను అనే మనిషిని పట్టుకుని సైనికులు సిలువ మోయించారన్న వాక్యం చెప్పాడు. నాయనమ్మ "అయితే ఏంది?" అంది.

"ఏం లేదమ్మా. తన తొవ్వల తాను పోతుండె. భుజం మీద పెట్టిన్రు."

నాయనమ్మ ఆ పూట ఇంకేమీ అడగలేదు. పిడికిలి తెరవమని కూడా అనలేదు, నాన్నే తెరిచాడు.

అమ్మ ఏటా బుధ, శుక్రవారాలు రాత్రిపూట ఉపవాసం ఉండేది. ఆ ఏడు సోమవారం కూడా అంది. తర్వాత గురువారం. మాకు వడ్డించి, గిన్నెలు సర్ది, గ్లాసుడు మజ్జిగ తాగి లేచేది. నాయనమ్మ చూసీ చూడనట్టు కొన్నాళ్లు ఊరుకుంది. ఆఖరికి, "నలభై దినాలు ఏమి తినకుండ ఉన్నది ఏసుప్రభువు ఒక్కడే. ఆయినె తోని పోటీ వెట్టుకున్నవా ఏంది?" అంది.

"ఆకలి లేదత్తమ్మా" అంది అమ్మ. నాయనమ్మ తన కంచంలోంచి సగం అన్నం తీసి అమ్మ కంచంలో వేసింది. అమ్మ దాన్ని మళ్లీ గిన్నెలో వేసి మూత పెట్టింది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు. ఆ ఇద్దరాడవాళ్లూ మొండితనంలో ఒకరికొకరు తీసిపోరు.

మట్టల ఆదివారం దాటాక, గురువారం మధ్యాహ్నమే ఆఖరి పిడికిళ్లు వేసి, డబ్బాలోని బియ్యాన్ని సంచిలోకి పోశాం. సగానికి కొంచెం తక్కువే వచ్చాయి. ఇంట్లో బస్తా అడుగంటింది, కలపడానికి ఏమీ లేవు. సంచి పైసగం వాలిపోయి నిలబడింది. అమ్మ దాన్ని చూస్తూ కూర్చుంది. రేపు దాన్ని ఎత్తుకుని అందరి మధ్యలోంచి ఎలా నడుస్తుందా అని నాకు ఒకటే దిగులు. ఆమె దిగులూ అదే. నాన్న బియ్యాన్ని తిరిగి డబ్బాలో పోశాడు. సంచి కుట్లు విప్పాడు. సుద్దతో గీశాడు. చాలా రోజులకు ఆయన కత్తెర సూటు గుడ్డ మీద నడిచింది. పట్టీలు తగ్గించి, లైనింగు తగ్గించి, మూతను కొలతకు సరిగ్గా మళ్లీ కుట్టాడు. బియ్యం పోస్తే మెడదాకా నిండాయి. ఎక్కడా ముడత లేదు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. ఆ శ్రమల కాలంలో అమ్మ నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రమే చర్చిలో ఏసు శిష్యుల కాళ్లు కడిగిన భాగం చదివారు. నా కాళ్లు నువ్వు ఎన్నటికీ కడగకూడదని పేతురు అడ్డం తిరగడం, కడగకపోతే నాతో నీకు భాగం లేదని ఏసు అనడం అందులో ఉంటుంది. ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ నా భుజం మీద చెయ్యి వేసుకుని, "పేతురు ఎందుకు వద్దన్నడే?" అని అడిగింది.

"గురువు గదా. ఆయన కడిగితే ఎట్లా అని."

"అది గాదు. తన కాళ్లకు ఎంత మట్టి ఉన్నదో ఆయినె చూస్తడని సిగ్గువడ్డడు."

అమ్మ మాకు నాలుగడుగులు ముందు నడుస్తోంది. వినపడిందో లేదో తెలియదు. వెనక్కి తిరగలేదు.

శుక్రవారం అనుకున్నట్టే జరిగింది. అమ్మ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, నిండు సంచి ఎత్తుకుని ముందుకు నడిచింది. నేను పక్కనే. బియ్యం గంపలో పడ్డాయి. ఖాళీ సంచులు అందుకుని మడత పెడుతున్న అమ్మగారు మా సంచి దగ్గర ఒక్క క్షణం ఆగారు. పక్క కుట్టు మీద బొటనవేలు పెట్టి కింది దాకా రాశారు. ఏటా చేత్తో పట్టుకున్న సంచి, ఆమెకు దాని సైజు తెలియదా? అమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది, ఆమె చూడలేదు. నేను చూశాను. కుట్టు బాగుందని మెచ్చుకుంటున్నారనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం నుంచి అమ్మ తయారై కూర్చుంది. ఏటా అమ్మగారి నుంచి కబురు వచ్చేది, ఇద్దరూ కలిసి బయల్దేరేవారు. ఆ రోజు కబురు రాలేదు. పొద్దు వాలుతుండగా అమ్మగారే గుమ్మంలో నిలబడ్డారు. ఒక్కరే. కొంగు చాటున మా సంచి ఉంది, నిండుగా.

అమ్మ లేచి నిలబడింది. ముందు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నాన్న మిషను ఆగిపోయింది.

"మీరు తప్పొచ్చినట్టున్నరు అమ్మగారూ" అంది అమ్మ. "గీ ఇల్లు గాదు."

"ఈ ఇల్లేనమ్మా."

"మా ఇంట్ల ఉన్నయి. లేనోల్లకు ఇయ్యుండ్రి."

అమ్మగారు కదల్లేదు. లోపలికీ రాలేదు. "ఇన్నేళ్లూ ఏ గుమ్మానికి వెళ్లినా నువ్వు నా పక్కన ఉన్నావు. ఇవాళ ఒక్కదాన్నే రావాల్సొచ్చింది. నాకూ కష్టంగానే ఉందమ్మా" అన్నారు.

అమ్మ తలుపు రెక్క పట్టుకుంది. వేసేస్తుందేమో అనిపించింది. అమ్మ ఆ బియ్యం తీసుకుంటే మేము ఇచ్చేవాళ్లం కాము. తీసుకోకపోతే రేపు పండగకు ఇంట్లో ఏముందో కూడా నాకు తెలుసు.

మంచం మీద నుంచి నాయనమ్మ, "పేతురు గూడ గిట్లనే అన్నడు" అంది.

స్టేషన్లో ఏదో బండి గురించి చెబుతున్నారు, తమ్ముడు కూడా పట్టించుకోలేదు. అమ్మ చెయ్యి తలుపు మీద నుంచి జారింది. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లి చాట తెచ్చింది. అమ్మగారి చేతిలోంచి సంచి రెండు చేతులతో అందుకుని, గుమ్మం దగ్గరే కూర్చుని చాటలో కుమ్మరించింది. అన్ని ఇళ్ల బియ్యం అవి. సన్నవి, లావువి, కంట్రోలువి, ఎవరో మహారాజు వేసిన పొడుగు బాస్మతి గింజలు. మావీ వాటిలో ఎక్కడో ఉండి ఉంటాయి. అమ్మ ఒక పిడికెడు తీసింది. మా పిడికిళ్లు గురువారంతోనే ముగిశాయి, అయినా తీసింది.

"గట్లయితే కాళ్లే గాదు ప్రభువా, నా చేతులు, నా తల గూడ కడుగు" అంది, పేతురు తర్వాత అన్న మాట. ఆ ఏడు ఇంట్లో దాన్ని ఎవరూ చెప్పలేదు.

"అయితే ఏంది?" అంది నాయనమ్మ, అలవాటు కొద్దీ.

"అయితే ఏం లేదత్తమ్మా. రేపటికి అన్నం ఉన్నది." పిడికెడూ డబ్బాలో వేసింది. తర్వాత అమ్మగారి వైపు తిరిగి, "రేపు ఆరాధన అయినంక మీరు, అయ్యగారు మా ఇంట్లనే తినాలె" అంది. అది అడిగినట్టు లేదు, ఆజ్ఞలా ఉంది. అమ్మగారు సరేనని తలూపి, అప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నారు.

ఈస్టర్ మధ్యాహ్నం మా ముందుగదిలో ఖాకీ గుడ్డ కట్టలు ఒక మూలకు నెట్టి చాప పరిచాం. అమ్మ ఆ బియ్యంతోనే బగారన్నం వండింది. రకరకాల బియ్యం ఒకే కుండలో ఒకేలా ఉడుకుతాయా? కొన్ని గింజలు మెత్తగా గుజ్జయ్యాయి, కొన్ని పంటికింద పలుకులు పలుకులుగా తగిలాయి. అయ్యగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. దుకాణం మూతపడిన సంగతి నాన్న ఆయనకు తానే చెప్పాడు, తలొంచుకోకుండా చెప్పాడు. నేను ఆ తర్వాత పెద్ద పెద్ద హోటళ్లలో బిర్యానీలు తిన్నాను. అమ్మ ఆ రోజు వడ్డిస్తున్నప్పుడు ఆమె ముఖం చూస్తూ తిన్న అన్నం రుచి వాటికి లేదు. ఆమె కూడా మాతోపాటే కూర్చుని కడుపునిండా తింది.

తర్వాత నాన్నకు గౌలిగూడలో ఒక చిన్న దుకాణంలో మళ్లీ కత్తెర పని దొరికింది. మేము మళ్లీ సన్నబియ్యానికి వచ్చాం. నాయనమ్మ పోయింది. అయ్యగారు వాళ్లు బదిలీ మీద వెళ్లిపోయారు. శనివారం బియ్యం పంచే పని పూర్తిగా అమ్మ చేతికి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఏడు తోడు రమ్మంటే వెళ్లాను. ఆమె ఏ ఇంటికి వెళుతుందో నాకు తెలియడం అదే మొదటిసారి.

ఆఖరి ఇల్లు గౌలిగూడ గల్లీలో. తలుపు తీసినామె వయసు నా వయసే ఉంటుంది. ఆదివారాలు మా ముందు వరసలోనే కూర్చునేది, మంచి చీరల్లో. కొంగు కింది సంచి చూడగానే ఆమె ముఖం గట్టిపడింది. "మాకు వద్దాంటీ. మా ఇంట్ల ఉన్నయి. లేనోల్లకు ఇయ్యుండ్రి" అంది.

ఆ మాటలు నేను ఇదివరకే విన్నాను. అదే గొంతు, అదే తలుపు పట్టుకోవడం. అమ్మ వెనక్కి తిరుగుతుందనుకున్నాను, లేదా నాయనమ్మలా పేతురు గురించి చెబుతుందనుకున్నాను. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. ఇరుగుపొరుగు గుమ్మాల్లో మనుషులున్నా, గొంతు తగ్గించుకోకుండా చెప్పింది.

"మా ఇంటికి గూడ వచ్చినయి బిడ్డా గీ బియ్యం. మా ఆయిన దుకాణం బంద్ అయిన ఏడు. నేను గూడ తలుపు వట్టుకొని గిట్లనే నిలవడ్డ. తర్వాత తీస్కున్న. పండుగకు అవే వండుకొని తిన్నం."

ఒకప్పుడు మా నోళ్లు కట్టేసి దాచిన సంగతి అది. అమ్మ దాన్ని వీధి గుమ్మంలో నిలబడి, ఎవరైనా వినేలా, తనదని చెప్పుకుంది. ఆ పిల్ల అమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు జరిగి దారిచ్చింది. అమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, "జర మంచినీళ్లియ్యి బిడ్డా" అంటూ చాప మీద కూర్చుంది. నేను వీధిలోనే నిలబడిపోయాను. పక్క గుమ్మంలో ఉన్న ముసలామె, "ఎవరమ్మా ఆమె?" అని అడిగింది.

"మా అమ్మ" అన్నాను.